ఫ్రీగా ఇచ్చారు, అయినా వాడను: మెయిల్ ట్రాకర్ రివ్యూ

నమస్తే అండీ, తిరుపతి నుంచి మళ్ళీ వచ్చేశా. ముందే చెప్పేస్తా ఉన్నా, ఇది ఫ్రీగా వచ్చిన సరుకు. మెయిల్ ట్రాకర్, అంటే మనం పంపిన మెయిల్ అవతలివాళ్ళు తెరిచారా లేదా చెప్పేది, అమ్మే ఒక కంపెనీ వాళ్ళు ఏడాది అకౌంట్ ఇచ్చి రివ్యూ చెయ్యమన్నారు. పేరు చెప్పను. ప్లాన్లు, రేట్లు మీరు చూసే ఉంటారు, వాటి జోలికి పోను. నాకు తగులుకునింది ఒక్కటే, 'ఓపెన్డ్' అనే కాలమ్.

ఇది ఎట్ట పనిచేస్తుందంటే, మెయిల్ అడుగున ఒక బొమ్మ దాచిపెడతారు. ఒక పిక్సెల్ వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తు, రంగు లేదు, కంటికి ఆనదు. మెయిల్ తెరవంగానే ఆ బొమ్మ కోసం వాళ్ళ సర్వర్‌కి రిక్వెస్ట్ పోతుంది. బొమ్మ లింకులో మీ ఒక్కరికే ఇచ్చిన నంబరు ఉంటుంది. ఇంకేం, తెరిచింది ఎవరు, ఎన్నింటికి, ఏ ఊరి నుంచి, అంతా రాసిపెట్టుకుంటారు.

మా బావకి చిత్తూరులో మామిడి గుజ్జు వ్యాపారం. వాళ్ళ యూనిట్‌కి వీడియో తీసిచ్చేదానికి కొటేషన్ కావాలన్నాడు, దీంట్లోనే పంపించా. రాత్రి పదకొండు దాటినాక తెరిచినట్టు వచ్చింది. కాసేపటికి మళ్ళీ. పొద్దున్నే మళ్ళీ. ఫోన్ చేసి "బావా, మెయిల్ చూసినావా?" అన్నా. "యాడరా, తోతాపురి లోడ్లు దిగతా ఉండాయి, తీరిగ్గా చూస్తాలే" అన్నాడు. అడిగితే ఐదు వేలు తగ్గిద్దాం అనుకోనుంటి. అన్నిసార్లు చూసినాడంటే రేటు నచ్చినట్టే కదా అని తగ్గించలా. ఆయన బేరం ఆడక ముందే నేను ఆయన పేకముక్కలు చూసేసినా. బావతోనే ఇట్ట చేస్తే, ముక్కూమొహం తెలీని కంపెనీ మీతో ఏం చేస్తుంది?

వాట్సాప్ బ్లూ టిక్ కూడా ఇంతే కదా అంటారేమో. కాదండీ. బ్లూ టిక్ ఉందని మీకు తెలుసు, వద్దంటే ఆపుకోవచ్చు, ఆపితే అవతలివాళ్ళదీ మీకు కనపడదు. ఈ చుక్క ఉందని బావకి తెలిసేదే లేదు.

పోనీ లెక్కన్నా సరిగ్గా చెప్తుందా? అదీ లేదు. బావ ఊరు చిత్తూరు అని రాలేదు, 2013 డిసెంబరు నుంచి జీమెయిల్ బొమ్మల్ని గూగుల్ సర్వర్ల మీదుగానే తెస్తా ఉంది కాబట్టి ట్రాకర్‌కి బావది కాదు, గూగుల్ అడ్రసే కనపడుతుంది. 2021లో ఐఓఎస్ 15తో యాపిల్ మెయిల్‌లో ఇంకో ప్రొటెక్షన్ వచ్చింది, అది ఆన్‌లో ఉంటే మీరు చదవకపోయినా బొమ్మలు ముందే దిగిపోతాయి. ఐఫోన్ వాడే మా క్లయింట్ ఒకాయన మెయిల్ వచ్చిన కాసేపటికే చదివేసినట్టు చూపించింది. మనిషేమో ఆ టైమ్‌కి కొండమీద దర్శనం క్యూలో ఉన్నాడు, ఫోను కింద డిపాజిట్ చేసేసి!

వెబ్ పేజీల్లోనూ ఇదే తంతు. షాపింగ్ సైట్‌లో మిక్సీ చూసొస్తే ఫేస్‌బుక్ నిండా మిక్సీలే. ఆ సైట్‌లో మెటా పిక్సెల్, అంటే ఫేస్‌బుక్ కంపెనీ వాళ్ళ ట్రాకర్, ఉండచ్చు. దాన్ని ఆపేదానికి నేను ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్లాకర్ వాడతా. ఇంతకుముందు వాడిన బ్లాకర్లు ఏవీ నాకు ఇంత నచ్చలేదు. దాని మీద మాట్లాడితే తెల్లారిపోతుంది, వేరే వీడియో చేస్తా.

తీర్పు? డాష్‌బోర్డ్ శుభ్రంగా ఉంది, తెలుగు మెయిల్స్ కూడా చక్కగా పోతాయి. అయినా నేను వాడను, మిమ్మల్నీ కొనమని చెప్పను. బావకి విషయం చెప్పేసి, ఆ ఐదు వేలూ తగ్గించేసినా.

కంపెనీవాళ్ళు డిస్కౌంట్ కోడ్ పెట్టమన్నారు, పెట్టడం లేదు. దాని బదులు, జీమెయిల్‌లో బొమ్మలు చూపించే ముందు మిమ్మల్ని అడిగేటట్టు సెట్టింగ్ మార్చుకునే స్టెప్పులు కింద డిస్క్రిప్షన్‌లో రాశా. ఐఫోన్ వాళ్ళకి విడిగా ఉంది.