టీ బ్రేక్‌లో ముగిసే చదరంగం

అందరికీ నమస్కారం. పావుగంట విరామంలో చదరంగమేమిటని మీరు నవ్వొచ్చు. మామూలు బోర్డు మీదైతే పావులు సర్దుకునేసరికే బెల్లు కొడతారు. అందుకే ఈ రోజు ముప్ఫై ఆరు గళ్ళ ఆట గురించి చెబుతాను.

దీని పేరు లాస్ అలమోస్ చదరంగం. 1956లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో మానియాక్ అనే కంప్యూటర్‌కి చదరంగం నేర్పాలనుకున్నారు. అణ్వాయుధాల లెక్కల కోసం కట్టిన యంత్రమే, అయినా అరవై నాలుగు గళ్ళు దాని శక్తికి మించిన పని. దాంతో బోర్డును ఆరుకి ఆరు చేసి, శకటులను, అంటే బిషప్‌లను, తీసేశారు. అలా కుదించినా ఒక్కో ఎత్తుకి అది పన్నెండు నిమిషాలు తీసుకునేది! మంత్రిని వదులుకుని ఆడిన గట్టి ఆటగాడి చేతిలో ఓడింది. వారం క్రితమే ఆట నేర్చుకున్న మనిషి మీద మాత్రం గెలిచింది.

మీ బోర్డు మీద రెండు నిలువు వరసలు, రెండు అడ్డు వరసలు కాగితంతో మూసేయండి. వెనక వరసలో ఎడమ నుంచి ఏనుగు, గుర్రం, మంత్రి, రాజు, గుర్రం, ఏనుగు; నల్లవాటిని వాటికి సరిగ్గా ఎదురెదురుగా పెట్టండి. ముందు ఆరు బంట్లు. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే జరుగుతుంది, పాత చతురంగంలో లాగే. రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదిలే కోట కట్టడం లేదు.

పెద్ద బోర్డులో మొదట సగం గళ్ళు ఖాళీ. ఇక్కడ మూడో వంతే. నిలువు వరసల్ని తెల్లవాళ్ళ ఎడమ నుంచి ఎ, బి, సి అనీ, అడ్డు వరసల్ని వాళ్ళ వైపు నుంచి 1, 2, 3 అనీ పిలుద్దాం. తెల్లగుర్రం బి1 నుంచి సి3కి దూకిందంటే అప్పుడే బి5, డి5 బంట్ల మీద దాని కన్ను పడుతుంది. బి5ని కాసేది నల్లమంత్రి ఒక్కడే. ఇంకో చిక్కుంది. రాజు చుట్టూ ఉన్న ఐదు గళ్ళలోనూ సొంతవాళ్ళే. గుర్రం చెక్ చెప్పి, దాన్ని కొట్టే పావు లేకపోతే అక్కడికక్కడే మేట్. నల్లరాజు ముందున్న బంటు సి4, ఇ4 రెంటినీ కాస్తుంది కాబట్టి దాన్ని తొందరపడి వదులుకోకండి. శకటులు లేని ఆటలో గుర్రమే దొర అని నా అభిప్రాయం. మొదట్లోనే గుర్రాలు మార్చుకునేవాళ్ళని చూస్తే నాకు చిరాకు.

గడియారం పెడితే చెరో ఐదు నిమిషాలు చాలు. బోర్డు తెచ్చాను, కాగితాలూ అంటించేశాను. నల్లపావులు ఎవరు తీసుకుంటారు?