20 వేల లోపు, ఐదేళ్లు నిలిచే ఫోన్: కొనేముందు రిపేరు షాపుకెళ్లండి

నమస్తే అండీ. నా చేతిలో ఉన్నది మా నాన్న పాత ఫోన్. కెమెరాకి దగ్గరగా పెడతాను, ఛార్జింగ్ పోర్టు చూడండి. లోపల ఎర్రగా గడ్డకట్టుకుపోయింది కదా? అది మిర్చి దుమ్ము. మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. ఫిబ్రవరి వచ్చిందంటే నాన్న పొద్దంతా కల్లంలోనే ఉంటారు. ఫోన్ ఉండేది చొక్కా పైజేబులో. కాయలు తిరగేయడానికి వంగితే చాలు, జారి కింద పడుతుంది.

మొన్న ఫోన్ చేసి, "ఒరేయ్, ఇది ఛార్జింగ్ ఎక్కట్లేదురా. కొత్తది చూడు. 20 వేలు దాటొద్దు, మళ్లీ ఐదేళ్ల దాకా ఫోన్ మాట ఎత్తొద్దు" అన్నారు. ఈ వీడియో అంతా ఆ మాట గురించే. కెమెరా శాంపిళ్లు, గేమింగ్ టెస్టులు ఈరోజు లేవు.

ముందు ఒక చిన్న పని చేసి చూపిస్తాను. ఫోన్ స్విచాఫ్ చేశాను. ఇది పళ్లు కుట్టుకునే చెక్క పుల్ల. పోర్టులో మెల్లగా, అంచుల వెంబడి గీకాలి. సూది, పిన్నీసు మాత్రం వద్దండీ, లోపలి కాంటాక్టులు దెబ్బతింటాయి. చూడండి, ఎంత దుమ్ము రాలిందో. ఇప్పుడు కేబుల్ పెడితే... ఎక్కింది. ఛార్జింగ్ ఎక్కట్లేదని కొత్త ఫోన్ కొనబోయేవాళ్లు ముందు ఈ పని చేసి చూడండి.

అయినా దీన్ని మార్చక తప్పదు. డిస్‌ప్లే మూల పగిలి, గీతలు వస్తున్నాయి. షాపులో అడిగితే ఈ మోడల్‌కి ఒరిజినల్ డిస్‌ప్లే రావట్లేదన్నారు. డూప్లికేట్ వేస్తే టచ్‌కి గ్యారంటీ ఇవ్వలేమన్నారు. పైగా సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి రెండేళ్లు దాటింది. కూలీలకైనా, పురుగుమందుల కొట్టుకైనా నాన్న యూపీఐలో డబ్బులు కొట్టేది ఈ ఫోన్ నుంచే. నాకు అసలు టెన్షన్ అక్కడే. ఇన్నిసార్లు కింద పడినా లోపలి బోర్డు ఇప్పటికీ బాగానే ఉంది. స్పేర్ పార్టు దొరక్క, అప్‌డేట్ రాక ఫోన్ మూలన పడుతోంది.

అందుకే ఈసారి షోరూంకి వెళ్లకముందే రిపేరు షాపుకి వెళ్లాను. ఏ మోడల్ అనుకుంటున్నానో చెప్పి, డిస్‌ప్లే ఎంత, బ్యాటరీ ఎంత, పార్టు ఎన్ని రోజుల్లో వస్తుంది అని అడిగాను. మీరూ అడగండి. ఫోన్ ధరలో సగం డిస్‌ప్లేకే అవుతుందంటే, అది ఒక్కసారి పగిలితే మీరు రిపేరు చేయించరు, కొత్తది కొంటారు. డిస్‌ప్లేల్లో ఎల్‌సీడీ, అమోలెడ్ అని రెండు రకాలుంటాయి. వాటి తేడా అక్కడ తెలుస్తుంది. అమోలెడ్ బొమ్మ అందంగా ఉంటుంది, కాదనను. కానీ మార్చాల్సి వస్తే ఖర్చు బాగా ఎక్కువ. రోజూ ఫోన్ జారవిడిచే మనిషికి ఎల్‌సీడీయే నయమని నా అభిప్రాయం.

ఇక అప్‌డేట్ల లెక్క. ఇది కాస్త జాగ్రత్తగా వినండి. ఉదాహరణకి రెండు ఫోన్లు తీసుకుందాం. శాంసంగ్ గెలాక్సీ ఏ16 5జీ మన దగ్గరికి 2024 అక్టోబరులో వచ్చింది. అప్పటి ధర 18,999 నుంచి. దీనికి ఆరు ఆండ్రాయిడ్ వెర్షన్లు, ఆరేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ చెప్పింది. రెండోది గెలాక్సీ ఏ06 5జీ. 2025 ఫిబ్రవరిలో 10,499 నుంచి మొదలైంది. దీనికి నాలుగు వెర్షన్లు, నాలుగేళ్ల సెక్యూరిటీ. ఈ ధరలో నాలుగేళ్లంటే మంచి మాటే.

అయితే ఆ ఏళ్లు మీరు కొన్న రోజు నుంచి మొదలవ్వవు, ఫోన్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి మొదలవుతాయి. ఏ16ని ఆఫర్లో తక్కువకి వచ్చిందని 2027లో కొంటే, మీ చేతికొచ్చేది ఆరేళ్లు కాదు, మూడేళ్లు. అందుకే ధరని మిగిలిన ఏళ్లతో భాగించండి. విడుదల నాటి ధరతో చూస్తే ఏ16కి ఏడాదికి దాదాపు 3,170 రూపాయలు పడుతుంది. ఏ06లో నేను చూసింది 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్ ఉన్నది, విడుదలప్పుడు 12,999. అది ఏడాదికి 3,250. రెండూ దాదాపు ఒకటే! ధర చూసి చవక అనుకున్నది లెక్క కట్టాక అంత చవక కాదని తేలింది. ఏ కంపెనీ ఫోనైనా ఈ లెక్క కట్టి చూడండి. అప్‌డేట్లు ఎన్నేళ్లో ఎక్కడా రాయలేదంటే ఆ ఫోన్ జోలికి వెళ్లొద్దు.

64 జీబీ వేరియంట్ మాత్రం వద్దు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో వీడియోలకే అది నిండిపోతుంది. స్టోరేజ్ అంచుల దాకా నిండితే ఫోన్ నత్తనడక నడుస్తుంది, అప్పుడు ఫోనే పాడైందనుకుంటాం.

నీళ్లు, దుమ్ము సంగతికొద్దాం. ఈ రెండు ఫోన్లకీ ఐపీ54 అని ఉంటుంది. దుమ్ము, నీళ్లు ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగ్ అది. 5 దుమ్ముకి, 4 నీళ్లకి. దుమ్ము కొద్దిగా లోపలికి వెళ్లినా పనికి అడ్డం రాదు, నీళ్లు చింది పడినా ఫర్వాలేదు అని అర్థం. బకెట్లో పడితే దేవుడే దిక్కు. నీళ్లలో మునిగినా తట్టుకుంటుందనే ఐపీ68 ఉన్న ఫోన్‌ని కూడా పరీక్షించేది మంచినీళ్లలోనే. సముద్రపు నీళ్లకి, సబ్బు నీళ్లకి అది వర్తించదు. ఐపీ రేటింగ్ ఉన్నా నీళ్లు పోయి పాడైతే మామూలుగా వారంటీ రాదు. కార్డు మీద అక్షరాలు చిన్నగా ఉంటాయి, చదవండి.

'మిలిటరీ గ్రేడ్' అని బాక్స్ మీద రాసి ఉంటే చాలామంది ముచ్చటపడతారు. ఎంఐఎల్-ఎస్‌టీడీ-810హెచ్ అనేది అమెరికా రక్షణ శాఖ రాసుకున్న పరీక్షా పద్ధతుల పుస్తకం. అందులో చాలా పరీక్షలున్నాయి. ఏవి చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది, సైన్యం వచ్చి సర్టిఫికెట్ ఏమీ ఇవ్వదు. ఏ పరీక్షలు పాసైందో రాసి ఉంటే దానికి విలువ ఇవ్వండి, లేకపోతే వదిలేయండి.

ఫోన్ దెబ్బలకి ఎంత తట్టుకుంటుందో చెప్పే మంచి కాగితం ఒకటుంది, మన దేశానిది కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్తగా మార్కెట్లోకి పంపే స్మార్ట్‌ఫోన్లకి ఎనర్జీ లేబుల్ తప్పనిసరి చేశారు. కింద పడితే ఎంత తట్టుకుంటుంది, రిపేరు ఎంత తేలిక అనేవాటికి 'ఏ' (A) నుంచి 'ఈ' (E) దాకా గ్రేడ్లు ఇస్తారు, 'ఏ' అంటే అన్నింటికన్నా మేలు. బ్యాటరీ ఎన్ని సైకిళ్లు, అంటే ఎన్నిసార్లు పూర్తిగా ఛార్జ్ చేసి వాడేదాకా వస్తుందో కూడా ఆ లేబుల్ మీద రాస్తారు. 800 సైకిళ్ల తర్వాత కూడా బ్యాటరీ తన సామర్థ్యంలో 80 శాతం నిలుపుకోవాలన్నది అక్కడి నిబంధన. మీరు చూసే మోడల్ పేరు పక్కన 'ఎనర్జీ లేబుల్' అని కొట్టి వెతకండి. ఒకే పేరుతో ఇక్కడ అమ్మే ఫోన్‌లో చిప్ వేరే ఉండొచ్చు కాబట్టి మోడల్ నంబర్ కూడా సరిచూసుకోండి.

బ్యాటరీకి అసలు శత్రువు ఎండ. పల్నాడు ఎండలు మీకు తెలియనివి కావు. మోటారు స్టార్టర్ డబ్బా మీద ఫోన్ పెట్టి మర్చిపోతే లిథియం బ్యాటరీ ఆయుష్షు అక్కడే కరిగిపోతుంది. రాత్రంతా నూరు శాతం మీద ఉంచడం కూడా మంచిది కాదు. సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. బైక్ హ్యాండిల్‌కి ఫోన్ తగిలించే డెలివరీ తమ్ముళ్లకి ఒక మాట. పెద్ద ఇంజన్ల బైకుల అదురుకి కెమెరా స్టెబిలైజేషన్, అంటే ఫొటో అదరకుండా చూసే భాగం, దెబ్బతినొచ్చని 2021లో యాపిల్ సంస్థే హెచ్చరించింది. లక్ష రూపాయల ఫోన్‌కే ఆ మాట వర్తిస్తే, మనది ఎంత?

నాన్నకి ఏ06 5జీ తీసుకున్నాను, 128 జీబీది. ఆయన అడిగిన ఐదేళ్లకి ఏడాదికి పైగా తక్కువే, ఆ సంగతి ఆయనకీ చెప్పాను. కానీ దాని డిస్‌ప్లే ఎల్‌సీడీ. పగిలితే మార్పించుకోగలరు. ఫోన్ జాగ్రత్తగా వాడేవాళ్లయితే, డిగ్రీ చదివే మా చెల్లి లాంటివాళ్లయితే, ఆరేళ్లున్న ఏ16 వైపే చెబుతాను. మిగిలిన డబ్బులో అంచులు పైకి లేచి ఉన్న రబ్బరు కవరు, టెంపర్డ్ గ్లాస్ కొన్నాను. మెడలో వేసుకునే తాడు కూడా ఒకటి తీసుకున్నాను. కల్లంలో వంగినా ఫోన్ వేలాడుతుంది, నేల మీద పడదు. నాన్న మొదటి రోజు మొహమాటపడ్డారు, ఇప్పుడు అమ్మకీ ఒకటి తెమ్మంటున్నారు.

మీ ఊరి రిపేరు షాపులో మీ ఫోన్ డిస్‌ప్లే రేటు, బ్యాటరీ రేటు ఎంతో కనుక్కుని కింద కామెంట్లో రాయండి. మోడల్ పేరు, ఊరి పేరు కూడా పెట్టండి. అవన్నీ ఒక పట్టికగా చేసి వచ్చే వీడియోలో చూపిస్తాను.