పదమూడు మంది ఎంపీల దూరం

శ్రోతలకు నమస్కారం. రాష్ట్రపతి ఎన్నికలో ప్రచారానికి పని లేదని, పార్టీ పెద్దలు చెప్పినవారికే ఓట్లు పడిపోతాయని చాలామంది అనుకుంటారు. 1969 ఆగస్టు నాటి ఎన్నిక ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. ఆ నెల 20వ తేదీన వెలువడిన ఫలితాన్ని రేడియోలో విని, తిరుపతి గాంధీ రోడ్డులోని మా అంగడిలో మా నాయన బాకీల పుస్తకం చివరి పేజీలో అంకెలన్నీ పెన్సిలుతో రాసుకున్నారు. ఆ పేజీని నేను ఇప్పటికీ దాచుకొని ఉన్నాను.

కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారు మన పక్కనున్న అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టినవారు, హిందూపురం ఎంపీ. లోక్‌సభ స్పీకరు పదవిని వదులుకొని ఆయన పోటీకి దిగారు. ఏ పార్టీ టికెట్టూ లేకుండా ఎదుట నిలిచిన వి.వి.గిరిగారిదీ తెలుగు కుటుంబమే. మూడవవారు స్వతంత్ర పార్టీ, జనసంఘ్ బలపరచిన సి.డి.దేశ్‌ముఖ్. రాయలసీమవాసులకు రెడ్డిగారిపై అభిమానం ఉండడం సహజం. మా నాయనా అందుకు మినహాయింపు కాదు.

ఇందిరా గాంధీ స్వయంగా రెడ్డిగారి నామినేషన్ పత్రంపై సంతకం చేశారు. అయితే జూలైలో బెంగళూరులో ఆయనను ఎంపిక చేసింది సిండికేట్ అని పేరుపడిన పార్టీ పెద్దలు. ఆయన రాష్ట్రపతి అయితే తన పదవికే ముప్పు వస్తుందని ఆమె భావించారు. ఆ నెల 19న 14 బ్యాంకులను జాతీయం చేసి, పేదల పక్షం ఎవరు, ధనికుల పక్షం ఎవరు అన్న ప్రశ్నను దేశం ముందుంచారు. ఆ తరువాత రెడ్డిగారికి ఓటు వేయాలని విప్, అంటే పార్టీ ఆదేశం, జారీ చేయడానికి నిరాకరించి, ఎవరి అంతరాత్మ ప్రబోధం మేరకు వారు ఓటు వేయవచ్చునన్నారు. అంటే గిరిగారికి వేసినా తప్పు లేదన్నమాట. రహస్య ఓటింగ్ జరిగే ఎన్నికలో అంతకు మించిన వ్యూహం ఉండదని నా అభిప్రాయం.

రెడ్డిగారి బలహీనత ఆయన అనుభవంలో గాని, శక్తిసామర్థ్యాలలో గాని లేదు. 1964లో ఒక బస్సు మార్గాల కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల దృష్ట్యా ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేసిన మనిషి ఆయన. ఆయనకు చేటు తెచ్చింది ఆయన కోసం ఓట్లు అడిగినవారే. కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్ప రెండవ ప్రాధాన్య ఓట్ల కోసం, అంటే తమ అభ్యర్థి పోటీ నుంచి తొలగితే ఆ ఓటు ఎవరికి చేరాలో ఓటరు సూచించే రెండవ ఎంపిక కోసం, జనసంఘ్, స్వతంత్ర పార్టీ నాయకులను కలుసుకున్నారు. ఓట్ల లెక్కలో అది అవసరమైన పనే. కాని బ్యాంకుల జాతీయీకరణను వ్యతిరేకించే స్వతంత్ర పార్టీతో మంతనాలు జరిపారన్న మాట బయటికి రాగానే, ప్రధాని వర్గం వేసిన ప్రశ్నకు సిండికేట్ తానే జవాబు చెప్పినట్లయింది. ధనికుల పక్షమన్న ఆ ఆరోపణను ఎదుర్కోవడానికి కార్మికోద్యమం నుంచి వచ్చిన గిరిగారికి ఉన్నటువంటి చరిత్ర రెడ్డిగారికి లేదు.

ఇక మా నాయన రాసుకున్న పేజీ చూద్దాం. ఈ ఎన్నికలో ఎంపీ, ఎమ్మెల్యేల ఒక్కొక్క ఓటుకు ఒక నిర్ణీత విలువ కట్టి లెక్కిస్తారు. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. తక్కిన అభ్యర్థులను ఒక్కొక్కరిగా తొలగించి వారి ఓట్లను పంచేసరికి రెడ్డిగారికి దాదాపు 92 వేలు అదనంగా వచ్చాయి, గిరిగారికి 19 వేలు కూడా రాలేదు. అంటే నిజలింగప్ప అడిగిన ఓట్లు చాలావరకు వచ్చినట్లే. అడిగిన తీరు వల్ల సొంత ఇంట్లో పోయిన ఓట్లే తిరిగి రాలేదు. చివరికి గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427, తేడా 14,650. అప్పట్లో ఒక్కొక్క ఎంపీ ఓటు విలువ 576. గిరిగారికి ఓటు వేసిన ఎంపీలలో పదమూడు మంది ఇటు మొగ్గి ఉంటే రెడ్డిగారే గెలిచేవారని మా నాయన గుణించి, పేజీ అడుగున 13 అని రాసి కింద రెండు గీతలు గీశారు.

1977 జూలైలో రెడ్డిగారు మళ్ళీ నామినేషన్ వేశారు. ఈసారి జనతా పార్టీతో పాటు కాంగ్రెసు కూడా ఆయనను బలపరచింది. దాఖలైన 37 నామినేషన్లలో 36 చెల్లకపోవడంతో ఆయన పోటీ లేకుండా ఎన్నికయ్యారు. ఎనిమిదేళ్లలో ఆ మనిషి మారలేదు, ఆయన వెనుక నిలబడినవారు మారారు.