రీఫ్యాక్టర్ చేయగానే బ్రేక్‌పాయింట్ ఎటు పోతోంది? మూడు వారాలు వాడాక ఈ ఐడీఈ మీద నా మాట

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ ఐడీఈకి, అంటే కోడ్ రాసి, నడిపి, తప్పులు వెతుక్కునే సాఫ్ట్‌వేర్‌కి, ఏడాది లైసెన్స్ కంపెనీవాళ్లే ఉచితంగా ఇచ్చారు. ఏం చెప్పాలన్నది మాత్రం నాకే వదిలేశారు. ఫీచర్ల జాబితా మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, దాని జోలికి పోను. ఎడిటర్ వేగంగా ఉంది, సెర్చ్ బాగుంది. నా బాధంతా లైన్ పక్కన కనిపించే ఎర్ర చుక్క గురించే. అదే బ్రేక్‌పాయింట్, ప్రోగ్రాం అక్కడ ఆగాలని మనం పెట్టే గుర్తు.

స్క్రీన్ చూడండి. 142వ లైన్‌లో, మొత్తం లెక్కగట్టే చోట బ్రేక్‌పాయింట్ పెట్టాను. ఇప్పుడు ఆ ఎనిమిది లైన్లూ సెలెక్ట్ చేసి ఎక్స్‌ట్రాక్ట్ మెథడ్ అనే రీఫ్యాక్టరింగ్ (చేసే పని మారకుండా కోడ్‌ని సర్దడం) కొడుతున్నాను. కోడ్ చక్కగా కింద కొత్త ఫంక్షన్‌లోకి వెళ్లింది. మరి చుక్క? 142 దగ్గరే ఉండిపోయింది, ఇప్పుడక్కడ ఉన్నది ఒక కామెంట్. రన్ చేస్తే చుక్క కాస్తా బూడిద రంగు సున్నాలా అయిపోయింది, అంటే డీబగ్గర్‌కి, ప్రోగ్రాంని మధ్యలో ఆపి లోపల చూపించే పనిముట్టుకి, అక్కడ ఆగేందుకు కోడే దొరకలేదు.

చాలా ఐడీఈలు బ్రేక్‌పాయింట్‌ని ఫైల్ పేరు, లైన్ నంబర్‌గానే గుర్తుపెట్టుకుంటాయి. మనం పైన రెండు లైన్లు టైప్ చేస్తే చుక్క కూడా కిందికి జరుగుతుంది, ఎందుకంటే ఎడిటర్ ఆ మార్పుని చూస్తూనే ఉంటుంది. రీఫ్యాక్టరింగ్‌లో అలా కాదు, ఒకచోట చెరిపి ఇంకోచోట రాస్తుంది, ఆ రెండూ ఒకే కోడ్ అని చుక్కకి ఎవరూ చెప్పరు. కోడ్ మార్పుల్ని దాచిపెట్టే గిట్‌లో బ్రాంచ్ (అదే కోడ్‌కి ఇంకో రూపం) మార్చినప్పుడు వచ్చే గొడవ కూడా దాదాపు ఇలాంటిదే. అసలు ప్రాసెసర్‌కి లైన్ నంబర్ అంటేనే తెలియదు, ఎక్స్86 రకం ప్రాసెసర్లలో అయితే డీబగ్గర్ మెమరీలో ఆ కోడ్ ఉన్న అడ్రస్ దగ్గర ఇంట్3 అనే ఒక్క బైట్ ఇన్‌స్ట్రక్షన్ పెడుతుంది, లైన్‌నీ అడ్రస్‌నీ కలిపేది బిల్డ్‌లో వచ్చే డీబగ్ సమాచారం. అది పాతదైతే చుక్క సరైన చోటే ఉన్నా ఆగేది మరెక్కడో.

ఇంతవరకూ సర్దుకుపోయేవాడినే. నాకు ఒళ్లు మండింది కండిషనల్ బ్రేక్‌పాయింట్ దగ్గర. కౌంట్ 50 దాటితేనే ఆగమని షరతు పెట్టాను, తర్వాత ఆ వేరియబుల్ పేరు మార్చాను. ప్రాజెక్ట్‌లో ఉన్న ప్రతి చోటా పేరు మార్చింది, కామెంట్లలో కూడా మార్చింది, షరతులో మాత్రం పాత పేరే! అది ఆగలేదు, కనీసం ఒక హెచ్చరిక కూడా ఇవ్వలేదు. లూప్ అసలు అక్కడిదాకా రావట్లేదేమో అనుకుని రెండు గంటలు వేరే ఫైళ్లు తవ్వాను. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

నేను ముందు వాడిన ఎడిటర్ ఇంతకన్నా చాలా నిదానం, కానీ షరతులో తప్పుంటే వెంటనే డబ్బా తెరిచి చెప్పేది, ఆ ఒక్కటీ ఇక్కడ రోజూ గుర్తొస్తోంది. ఇప్పుడైతే పెద్ద మార్పు చేసే ముందు కోడ్‌లోనే బ్రేక్‌పాయింట్ రాసేస్తున్నాను. పైథాన్‌లో 2018లో వచ్చిన 3.7 నుంచి బ్రేక్‌పాయింట్ అనే ఫంక్షనే ఉంది, జావాస్క్రిప్ట్‌లో డీబగ్గర్ అని ఒక లైన్ రాస్తే చాలు. కోడ్ ఎటు పోతే అదీ అటే పోతుంది. గిట్‌లో కమిట్ చేసే, అంటే మార్పుల్ని భద్రపరిచే ముందు మాత్రం తీసేయడం మర్చిపోకండి.

మరి కొనొచ్చా? డీబగ్గర్ ఎప్పుడో గానీ తెరవని వాళ్లయితే హాయిగా కొనుక్కోండి. నాలాగా రోజంతా అందులోనే ఉండేవాళ్లకి నేను వద్దనే చెబుతాను. ఈ షరతు సంగతి కంపెనీవాళ్లకి రాసి పంపాను, సరిచేస్తే ఇదే 142వ లైన్ మీద మళ్లీ చేసి చూపిస్తాను.