పేరు రాని బ్యాండుకు పారితోషికం హామీ ఉండాలా?

సంధానకర్త: నమస్కారం. ఊరూరా తిరిగి సొంత పాటలు వినిపించే చిన్న బ్యాండ్లకు, ప్రేక్షకులు ఎంతమంది వచ్చినా, ముందుగా ఒప్పుకున్న కనీస పారితోషికం ఇచ్చి తీరాలా అన్నది ఈనాటి చర్చ. హైదరాబాద్ బ్యాండుకు చెందిన గిటారిస్టు ఒకరు, చిన్న వేదికను నడిపే నిర్వాహకురాలు ఒకరు మనతో ఉన్నారు.

గిటారిస్టు: ఇచ్చి తీరాలి. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు దాదాపు 570 కిలోమీటర్లు. వాహనం, బస, భోజనం, సౌండ్ ఇంజనీరు ఖర్చులన్నీ మొదటి టికెట్ అమ్ముడుపోకముందే మా చేతి నుంచి వెళ్లిపోతాయి. టికెట్ల వసూళ్లలో వాటా తప్ప మరేమీ ఇవ్వమంటే, జనం రాని రాత్రి ఆ ఖర్చంతా మా నెత్తినే పడుతుంది. వచ్చిన కొద్దిమందీ తిన్నదానికీ తాగినదానికీ చెల్లించే సొమ్ములో మాత్రం మాకు భాగం ఉండదు. వారు వచ్చింది మా పాట వినడానికే కదండీ!

నిర్వాహకురాలు: ఆ సొమ్ము అద్దెకూ కరెంటుకూ జీతాలకూ పోగా ఎంత మిగులుతుందో కూడా చూడాలి. బ్రిటన్‌లో చిన్న సంగీత వేదికల తరఫున పనిచేసే మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ 2023 సంవత్సరానికి ప్రకటించిన లెక్కల్లో చిన్న వేదికల సగటు లాభం 0.5 శాతం మాత్రమే. ఆ ఒక్క ఏడాదిలో 125 వేదికలు మూతపడ్డాయి లేదా సంగీత ప్రదర్శనలు ఆపేశాయి. ప్రతి కొత్త బ్యాండుకూ హామీ ఇవ్వమంటే, నాలాంటివారు కొత్తవారిని పిలవడం మానుకొని, అందరికీ తెలిసిన సినిమా పాటలు పాడే బృందాలతోనే సరిపెట్టుకోవలసి వస్తుంది.

సంధానకర్త: మన సురభి నాటక సమాజాలు ఏ హామీ లేకుండానే తరాల తరబడి తిరిగాయి కదా?

గిటారిస్టు: 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ సమాజాలు తమ డేరా తామే వేసుకున్నాయి, తమ టికెట్లు తామే అమ్ముకున్నాయి, కాబట్టి నష్టమూ వసూలూ రెండూ వారివే. టికెట్ ధర నిర్ణయించే అధికారం మాకు లేదు. మా పరిస్థితికి దగ్గరగా ఉన్నది ఉత్సవాలకు బుర్రకథ దళాన్నో హరిదాసునో పిలిచే పద్ధతి. మొత్తం ముందే మాట్లాడుకొని, బయానా ఇచ్చి పిలుస్తారు.

నిర్వాహకురాలు: ఆ ఉత్సవాల వెనుక ఊరి చందాలు, దేవస్థానాలు ఉన్నాయి. నా వెనుక ఎవరున్నారు? 2023లో అమెరికాలో కచేరీలు నిర్వహించే లైవ్ నేషన్ సంస్థ తన క్లబ్బుల్లో ప్రదర్శించే బృందాలకు, పారితోషికం కాక, ప్రయాణ ఖర్చుల కింద ఒక్కో ప్రదర్శనకు 1,500 డాలర్లు ఇస్తామని ప్రకటించినప్పుడు అక్కడి స్వతంత్ర వేదికల సంఘం తీవ్రంగా విమర్శించింది. అంత పెద్ద సంస్థ భరించగలిగినది ఒంటరి వేదిక భరించలేదు. బ్రిటన్‌లో భారీ కచేరీల టికెట్ల సొమ్ములో కొంత చిన్న వేదికలకు, కళాకారులకు మళ్లించాలని 2024లో పార్లమెంటరీ కమిటీ సిఫార్సు చేసింది. ఇక్కడా అటువంటి నిధి ఉంటే హామీ ఇవ్వడానికి నేనే ముందుంటాను.

గిటారిస్టు: ఆ నిధి కోసం నేనూ మీతో కలిసి అడుగుతాను. అది వచ్చేలోగా, మా దారి ఖర్చులకూ బసకూ సరిపడా కనీస మొత్తం ఒకటి, వసూళ్లలో వాటా ఒకటి అనుకుందాం. రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వండి. తొలిసారి అడుగుపెట్టే ఊళ్లో లాభం అడగను, అప్పుతో తిరిగి రాకుండా ఉంటే చాలు.

సంధానకర్త: ఆ మేరకు అంగీకరిస్తారా?

నిర్వాహకురాలు: శుక్ర, శనివారాలకు అంగీకరిస్తాను. వారం మధ్యలో హాలు నిండదు కాబట్టి అప్పుడు బస మాత్రమే చూడగలను. హామీ తీసుకున్న బ్యాండు ఆ నెలలో అదే నగరంలో మరో వేదిక ఎక్కకూడదు. ఎక్కితే నా టికెట్లు ఎవరు కొంటారు?

గిటారిస్టు: ఆ షరతు న్యాయమే. అయితే సగం బయానాగా ముందే రావాలి, మిగిలినది ఆ రాత్రి వాద్యాలు సర్దుకునేలోగా చేతికి అందాలి.