ఆ ఆలెన్ కీ ఇటివ్వండి! ట్రాక్ సా కోత వంకర పోయేది దానివల్లే

ట్రాక్ సా అంటే అల్యూమినియం పట్టా మీద జారుతూ కోసే కరెంటు రంపం, ఆ పట్టానే మనం రైలంటాం. రంపం మార్చొద్దు. రైలు మార్చొద్దు. వేలు పోసి రైల్ స్క్వేర్ అసలే కొనొద్దు! మీ ట్రాక్ సా కోత వంకర పోతోందంటే దొంగ ఇదిగో, స్క్రూలు బిగించే ఈ వేలెడంత ఆలెన్ కీ. దీన్ని పట్టుకున్న మన చెయ్యి.

పోయిన వీడియోలో తిరుచానూరు రోడ్డు షెడ్డులో ఎనిమిదడుగుల ప్లైవుడ్ నిలువునా కోశాను కదా, బీరువా తలుపులకు. రెండు తలుపులూ పక్కపక్కన పెడితే నడుమ అగ్గిపుల్ల దూరింది. అంతే, కామెంట్లలో మీరు రెండు పార్టీలైపోయారు. ఒక పార్టీ ‘చవక రైలు కొంటే అంతే అన్నా’ అంది. ఇంకోటి ‘స్క్వేర్ తగిలించన్నా’ అంది.

స్క్వేర్ ఏం చేస్తుంది సామీ? షీటు అంచుకు రైలును 90 డిగ్రీల్లో నిలబెడుతుంది. వంకర రైలుకు తగిలిస్తే ఆ వంకరే 90 డిగ్రీల్లో వస్తుంది!

షీటు పొడవు 2440 మిల్లీమీటర్లు. నా దగ్గరున్నవి 1400 రైళ్లు రెండు. ఒక్కటి చాలదు, కలపాల్సిందే. కలిపేవి ఈ కనెక్టర్ పట్టీలు, వాటిలో ఈ బుల్లి స్క్రూలు. మనకేమో స్క్రూ కనబడితే చాలు, కీ అరిగేదాకా బిగించాలి. ఇదేమన్నా ఇనుప దూలమా? పలచటి అల్యూమినియం! స్క్రూ అతిగా నొక్కితే ఉబ్బుతుంది. దగ్గరికి రండి, అతుకు మీద గోరు పోనిస్తున్నా... టక్. విన్నారా? రంపం సరిగ్గా ఇక్కడే తట్టుకుంది, నేను తోశాను, కోత పొట్టేసింది.

శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో దేవుడి బొమ్మలు చెక్కేవాళ్లను చూశారా? కనుబొమ్మ దగ్గరికొచ్చేసరికి ఉలి మీద దెబ్బ పడుతోందో లేదో కూడా తెలియదు. మనం మాత్రం స్క్రూ మీద కుస్తీ పడతాం.

ఇంకో ఘనకార్యం, రెండు రైళ్ల మూతులూ ఆనించి బిగించడం. ఆ చివరలు కచ్చితంగా చదరంగా తెగాయని ఎవరు చెప్పారు? వెంట్రుకవాసి ఏటవాలున్నా రెండో రైలు పక్కకు తిరుగుతుంది. మిల్లీమీటరు సందు వదలండి. 2022లో తిరుపతి, చిత్తూరు వేరువేరు జిల్లాలయ్యాయి, చుట్టరికాలు తెగాయా? ఇక్కడా అంతే, సందున్నా పర్లేదు, వరస తప్పకూడదు.

ఆ వరస ఎట్లా కుదర్చాలంటే, వంకర లేని అల్యూమినియం పట్టీ ఒకటి తీసుకోండి, అతుకుకు అటూ ఇటూ రైళ్ల అంచుకు ఆనించండి, అది కదలకుండా పట్టుకుని, అప్పుడు కనెక్టర్ స్క్రూలు బిగించండి. రెండు వేళ్లతో! పిడికిలితో కాదు.

‘అన్నా, కోత తిన్నగానే ఉంది, అతుకు దగ్గర మాత్రం మెట్టు పడింది’ అనేవాళ్లు రైలు కిందున్న రబ్బరు అంచు చూడండి. మకిటా కంపెనీ రంపం ఫెస్టూల్ కంపెనీ రైలెక్కుతుంది, నిజమే. కానీ ఒక రంపం మొదటి కోతలో తన బ్లేడుకు తగ్గట్టు కోసుకున్న రబ్బరు ఇంకో రంపానికి సరిపోదు. రెండో రైలు అరువు తెచ్చారా, దొరికిపోయారు.

ఇప్పుడు పరీక్ష. కలిపిన రైలు పొడవునా పెన్సిల్ గీత గీస్తున్నా. ఈ చివర ఆ చివరకు వచ్చేలా రైలు తిప్పుతున్నా, బోర్లించడం లేదు, తిప్పడమే. అదే అంచును గీత రెండు కొసలకూ ఆనించి మళ్లీ గీస్తున్నా. రైలులో పొట్ట ఉంటే నడుమ రెండు గీతలూ విడిపోతాయి, ఉన్న వంకరకు రెట్టింపు కనబడుతుంది. ఇదిగో పోయినసారి బిగింపుతో గీసినవి, అరటికాయలాగా. ఇవి ఇప్పటివి. రెండో గీత ఎక్కడుందో చూపించండి!

రైలు అదే. రంపం అదే. స్క్వేర్ ఇంకా కొనలేదు. మీ రెండు గీతలు ఫొటో తీసి పంపండి, స్క్వేర్ పార్టీవాళ్లు ముందు.