కుడి సీటులో నాన్న

అందరికీ నమస్కారం. ఈ హాల్లో హైస్కూలు పిల్లలున్న అమ్మానాన్నలు చాలామంది కనిపిస్తున్నారు. అందుకే నేను ఫ్రీమాంట్‌లో కారు నేర్చుకున్న రోజుల గురించి మాట్లాడతాను.

కాలిఫోర్నియాలో పదిహేనున్నరేళ్లకు కారు నేర్చుకునే పర్మిట్ ఇస్తారని మీకు తెలుసు. డ్రైవింగ్ స్కూలు టీచరు నేర్పేది 6 గంటలు. 25 ఏళ్లు నిండి, లైసెన్సు ఉన్న పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని నడపాల్సింది మాత్రం 50 గంటలు. అంటే అసలు బరువంతా ఇంట్లోవాళ్ల మీదే. మా ఇంట్లో దాన్ని నాన్న ఎత్తుకున్నారు.

నాన్న విజయవాడ బందరు రోడ్డు మీద గేర్ల కారు నేర్చుకున్న మనిషి. ఇక్కడ ఆయన కూర్చున్న కుడి సీటు, అక్కడైతే డ్రైవరు సీటు. స్టాప్ సైన్ దగ్గర పడుతుంటే చాలు, ఆయన కుడికాలు, అక్కడ లేని బ్రేకును నొక్కేది. నోటితో ఒక్క మాట అనేవారు కాదు. ఆ కాలు కదలకముందే వేగం తగ్గించాలని నేను పట్టుదలగా ఉండేదాన్ని. మెత్తగా ఆపడం నాకు అలా అలవాటైంది.

నాలుగు వైపులా స్టాప్ ఉన్న కూడలిలో ముందొచ్చినవాళ్లు ముందు వెళ్లాలి, ఒకేసారి వస్తే కుడివైపు వాళ్లది వంతు. ఇది పుస్తకంలోనే ఉంది. పుస్తకంలో లేనిది నాన్న చెప్పారు: "బండిని కాదు తల్లీ, దాని ముందు చక్రాన్ని చూడు. బండి కంటే ముందు అదే చెబుతుంది." బెజవాడ ట్రాఫిక్‌లో ఆటోల మధ్య వచ్చిన తెలివి అది. ఈ రోజుకీ పార్కింగ్‌లో నా చూపు ముందు చక్రాల మీదికే పోతుంది.

880 ఫ్రీవే ఎక్కిన మొదటిసారి విపరీతమైన టెన్షన్. ఫ్రీవేలోకి చేర్చే ర్యాంపు మీదే వేగం పెంచుకోవాలి, అద్దం చూడాలి, భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూడాలి. నెమ్మదిగా వెళ్తే క్షేమం అనుకుంటాం కానీ అక్కడ నెమ్మదే ప్రమాదం. "భయపడకు, నేనున్నా" అన్నారు నాన్న. ఆయన గొంతులోనూ భయం వినిపించింది. అయినా నన్ను దిగమనలేదు. అందుకు ఆయనకు ఎంతో రుణపడి ఉన్నాను.

కొందరు అమ్మానాన్నలు ఆ 50 గంటలు పూర్తవకుండానే, పూర్తయ్యాయని సంతకం పెట్టేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. పక్కన పెద్దవాళ్లు ఉన్నంతకాలం పిల్లలకు ప్రమాదాలు తక్కువ. లైసెన్సు వచ్చి ఒంటరిగా తిరిగే మొదటి నెలల్లోనే అవి ఒక్కసారిగా పెరుగుతాయి. మొదటి 12 నెలలు ఇరవై ఏళ్ల లోపు స్నేహితులను ఎక్కించుకోకూడదని, రాత్రి 11 తర్వాత నడపకూడదని చట్టం పెట్టింది ఇందుకే.

ఆ 50లో 10 గంటలు రాత్రిపూట నడపాలి. చాలామంది వాయిదా వేసేది వీటినే. నవంబరులో గడియారాలు గంట వెనక్కి తిప్పాక ఐదున్నరకే చీకటి పడిపోతుంది. మీరు ఆఫీసు నుంచి రాగానే తాళాలు పిల్లల చేతికిచ్చి, పాలకో కూరగాయలకో వాళ్లనే తీసుకెళ్లమనండి.